మాజీ ప్రధానికి అపార్ట్‌మెంట్‌లో సంతాప సభ జరపాలంటే

2024 డిసెంబరు 26, గురువారం రాత్రి మన్మోహన్ సింగ్ గారు కన్నుమూశారని తెలిసేసరికి, బెంగళూరు మారతహళ్లిలోని మా అపార్ట్‌మెంట్‌లో కొత్త సంవత్సరం వేడుకకు రంగు దీపాల తీగలు వేలాడదీసి ఉన్నాయి. జనవరి 1 దాకా జాతీయ సంతాప దినాలని ప్రకటించారు. అలాంటప్పుడు ముందు దీపాలు తీయించండి, వేడుకను వాయిదా వేయండి. కారణం చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు. మా పిల్లలు తీగలు చుట్టడానికి తామే ముందుకొచ్చారు.

బ్యానరు మీద పేరు, తేదీలు (26-9-1932 నుంచి 26-12-2024) ఇద్దరు సరిచూడాలి. పార్టీ రంగులు వద్దు. ప్రభుత్వ ఆదేశం ప్రకారం జెండాను అవనతం చేస్తున్నట్లయితే, ముందు కొస దాకా ఎగరేసి, క్షణం ఆగి, సగానికి దించాలి. సాయంత్రం కూడా మళ్లీ పైదాకా ఎత్తిన తరవాతే పూర్తిగా దించాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఎవరు మాట్లాడాలన్నది. మేము మొదట రాసుకున్న పేర్లు ఒక విశ్రాంత బ్యాంకు అధికారివి, ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లవి. ముగ్గురూ ఆర్థికమంత్రిగా ఆయన పెట్టిన, ఆర్థిక సంస్కరణలకు దారి తీసిన 1991 జులై 24 నాటి బడ్జెట్ గురించే చెప్పబోతున్నారు. అది చెప్పవలసిందే. పి.వి. గారు ఆయనను ఆర్థికమంత్రిని చేయకపోతే ఈ ఊళ్లో మాలో సగం మందిమి ఉండేవాళ్లం కాదు. కానీ నాది అనంతపురం జిల్లా. మా అంతస్తులు ఊడ్చే అక్కది నార్పల మండలం. ఉపాధి హామీ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ఆయన ప్రారంభించింది ఆ మండలంలోని బండ్లపల్లిలోనే.

మొదట ఆమెనే మాట్లాడించాం. వేసవిలో చెరువు పూడిక తీసిన సంగతి, కూలి డబ్బు తన పేరు మీద పోస్టాఫీసులో పడిన సంగతి, ఆ పని దొరికిన రెండేళ్లూ బెంగళూరు బస్సు ఎక్కకుండా ఊళ్లోనే పిల్లలను బడికి పంపిన సంగతి చెప్పారు. నాలుగు నిమిషాలు పట్టింది. ఆ తరవాత బడ్జెట్ గురించి మాట్లాడినవాళ్లు కాగితాలు పక్కన పెట్టి, తమ మొదటి జీతం గురించి చెప్పారు. మీ సభలోనూ ఇలాంటి మనిషి ఉంటారు. వెతకండి, ముందు వరుసలో కూర్చోబెట్టండి.

విమర్శ వస్తే ఆపకండి. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ఆయన ఇచ్చిన ప్రత్యేక హోదా హామీ ఏమైందని ఒక గుంటూరు పెద్దాయన గద్గదస్వరంతో అడిగారు. చనిపోయినవారిని మొక్కుబడిగా పొగడడం కంటే, ఆయన మాటను అంతగా గుర్తుపెట్టుకుని అడగడమే నాకు గౌరవంగా తోచింది. ఎవరినీ జవాబు చెప్పనివ్వకుండా తరవాతి వారిని పిలవండి, లేకపోతే సభ చర్చావేదిక అవుతుంది.

మౌనం రెండు నిమిషాలు. గడియారం ఒక్కరే చూడాలి. బోరు మోటారు ముందే ఆపించండి.

చివరగా, మాట్లాడినవారి మాటలు సంఘం రిజిస్టరులో రాసి, వారికి చదివి వినిపించండి. నార్పల అక్క బండ్లపల్లి అన్న పేరు ఎక్కడుందో చూపించమని అడిగి, అక్కడ వేలు ఆనించి చూసుకున్నారు.