పర్లాకిమిడి ప్యాలెస్‌కి కనలెట్టో పెట్టె

వెనిస్ కాలువల్నీ మేడల్నీ గీసిన కనలెట్టో (1697–1768) బొమ్మల్లో కిటికీలు కూడా కొలిచి గీసినట్టుంటాయి. అందుకు ఆయన కెమెరా అబ్స్క్యూరా అనే, ఎదుటి దృశ్యాన్ని కాగితం మీద పడేసే చీకటి పెట్టె వాడాడంటారు. ఏ మేరకు అన్నది పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. పర్లాకిమిడి ప్యాలెస్‌ని గీయడానికి అలాంటి పెట్టె చేసుకోవడం మాత్రం తేలికే, సామానంతా పర్లాకిమిడి బజారులో దొరికేదే.

కళ్లద్దాల షాపులో ప్లస్ 3 పవర్ గ్లాసు, అంచు కొయ్యకుండా గుండ్రంగా ఉన్నది అడగండి. సిలిండర్ పవర్ ఉంటే గీతలు ఒకవైపే స్పష్టంగా పడతాయి, వద్దు. ఈ గ్లాసు దూరపు దృశ్యాన్ని 33 సెంటీమీటర్ల దగ్గర నిలబెడుతుంది. 20 సెంటీమీటర్ల చదరపు అట్టపెట్టెకి లోపల నల్లరంగు పూసి, 20×28 సెంటీమీటర్ల ముఖం చూసుకునే అద్దాన్ని 45 డిగ్రీల వాలులో బిగించండి. కింది అంచు ముందుకి, పై అంచు వెనక్కి ఉండాలి. పైన మూత తీసి గాజుపలక పెట్టండి. ముందువైపు, లోపలికీ బయటికీ జరిగే అట్టగొట్టం చివర కళ్లద్దం గ్లాసు అమర్చండి. గ్లాసు పెట్టె ముఖానికి 13 సెంటీమీటర్లు ముందుంటే, పెట్టె లోపల అద్దం మీదుగా గాజుపలక దాకా వెలుగు నడిచే 20తో కలిపి 33 లెక్క సరిపోతుంది. దగ్గరి వస్తువులకి గొట్టాన్ని ఇంకొంచెం బయటికి లాగాలి. గ్లాసు లోతువైపు బయటికి తిప్పి, దాని ముందు 15 మిల్లీమీటర్ల రంధ్రమున్న నల్లకాగితం పెట్టండి. అది లేకపోతే అంచులన్నీ మసకే.

ప్యాలెస్ మీద ఎండ పడాలి, మీరు నీడలో ఉండాలి. గాజు మీద ట్రేసింగ్ కాగితం పరిచి, తలమీంచి నల్లదుప్పటి కప్పుకోండి. బొమ్మ నిటారుగానే కనిపిస్తుంది కానీ కుడి ఎడమలు తారుమారు. 4బి పెన్సిల్‌తో మూలలకు చుక్కలు పెట్టి, గీతలు తర్వాత స్కేలుతో కలపండి. పెట్టె మట్టంగా ఉందో లేదో రసమట్టంతో చూసుకోండి. గోపురం అందడం లేదని పెట్టెను పైకెత్తితే గోడలన్నీ పైకి పోయేకొద్దీ దగ్గరపడతాయి. వెనక్కి జరగడమే మార్గం.

ఒక కాగితంలో పట్టేది కొంతే. కనలెట్టో నోటుపుస్తకంలో కూడా ఒకే దృశ్యం వరుస పేజీల మీదుగా సాగుతుంది. పక్క ముక్కకి తిరిగేటప్పుడు కరెంటు స్తంభమో చెట్టో రెండింటిలోనూ పడేలా చూడండి. అతుకు దగ్గర చూరుగీత విరిగినట్టు కనిపిస్తుంది. పెట్టె తిరిగినప్పుడల్లా చూపుకోణం మారుతుంది కాబట్టి అది తప్పదు, చేత్తో సర్దుకోవాలి.

తారుమారైన ట్రేసింగును అలాగే డ్రాయింగు కాగితం మీద బోర్లించి, వెనకనుంచి చెంచాతో రుద్దండి. పెన్సిల్ దిగుతుంది, కుడి ఎడమలూ సరవుతాయి.