ఎస్ఎస్‌డీ కొత్తదే, అయినా 'నో బూటబుల్ డివైజ్': పాత హార్డ్ డిస్క్ సంగతి చూశారా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగింది. భీమవరం రొయ్యల ట్రేడర్ల ఆఫీసైనా, అమలాపురం డీటీపీ సెంటరైనా అడిగేది ఒకటే: 11కి అప్‌గ్రేడ్ చెయ్యాలా, తుడిచేసి కొత్తగా వెయ్యాలా? సిస్టమ్ ఆరోగ్యంగా ఉంటే అప్‌గ్రేడ్. హార్డ్ డిస్క్ నుంచి ఎస్ఎస్‌డీకి (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్) మారుతుంటే క్లీన్ ఇన్‌స్టాల్. ఏది చేసినా ముందు లోపల డిస్కులు ఎన్ని ఉన్నాయో చూడండి. అదొక్కటీ వదిలేసి అందరూ నేరుగా పెన్‌డ్రైవ్ గుచ్చేస్తారు.

అప్‌గ్రేడ్ సగంలో ఆగి పాత విండోస్‌కే వచ్చేస్తోంది

సీ డ్రైవ్‌లో 30 జీబీ అయినా ఖాళీ ఉంచండి. బయట కొన్న యాంటీవైరస్ తీసేయండి. ప్రింటర్, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ ఊడదీయండి. చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. తుపాను రోజుల్లో యూపీఎస్ లేకుండా మొదలుపెట్టేవాళ్లకు చెప్పేదేమీ లేదు. 'సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్‌ను అప్‌డేట్ చేయలేకపోయాం' అని వస్తే మాత్రం కిందిది చదవండి.

నెలల తరబడి బాగా నడిచి, ఒక పొద్దున 'నో బూటబుల్ డివైజ్'

విండోస్‌ను లేపే డిస్క్ దొరకలేదని ఈ మెసేజ్ అర్థం. అందరూ ఎస్ఎస్‌డీ పోయిందనుకుంటారు. కొత్తది కొంటారు, లేదా ఉన్నదాన్నే ఫార్మాట్ కొట్టి ట్యాలీ డేటా పోగొట్టుకుంటారు. రెండు డిస్కులున్న సిస్టమ్‌లో ఒక్కోసారి ఎస్ఎస్‌డీకి ఏమీ కాదు. పోయేది పక్కనున్న పాత హార్డ్ డిస్క్.

పాత డిస్క్ తగిలించి ఉండగానే ఎస్ఎస్‌డీలో విండోస్ వేస్తే, సెటప్ ఆ పాత డిస్క్‌లో ఉన్న ఈఎఫ్ఐ పార్టిషన్‌నే (బూట్ ఫైళ్లుండే చిన్న భాగం) వాడేసుకోవచ్చు. విండోస్ ఎస్ఎస్‌డీలో, దాన్ని లేపే బూట్ ఫైళ్లు పాతదాంట్లో. నరసాపురం వైపు ఉప్పుగాలికి, తేమకు ముందే నీరసించిన డిస్క్ అది. అది పోయినా, పనికిరాదని మీరే పీకేసినా సిస్టమ్ లేవదు.

సిస్టమ్ ఇంకా లేస్తుంటే ఇప్పుడే చూసుకోండి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్, డిస్క్ మేనేజ్‌మెంట్. 'ఈఎఫ్ఐ సిస్టమ్ పార్టిషన్' అన్న 100 ఎంబీ ముక్క సీ డ్రైవ్ ఉన్న వరసలో కాకుండా వేరే డిస్క్ వరసలో ఉంటే మీదీ ఇదే కేసు.

మళ్లీ విండోస్ వెయ్యక్కర్లేదు. బ్యాకప్ తీసి, బిట్‌లాకర్ (డ్రైవ్‌కు తాళం వేసే విండోస్ ఫీచర్) ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకుని, అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. అందులో డిస్క్‌పార్ట్ అనే టూల్ తెరిచి, సీ వాల్యూమ్‌ను సెలెక్ట్ చేసి 300 ఎంబీ ష్రింక్ చెయ్యండి (అంటే తగ్గించండి). ఆ ఖాళీలో 260 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్ క్రియేట్ చేసి, ఫ్యాట్32లో క్విక్ ఫార్మాట్ కొట్టి, జడ్ అక్షరం ఇవ్వండి. డిస్క్‌పార్ట్ నుంచి బయటికొచ్చి ఈ కమాండ్ (ఇంగ్లిష్ అక్షరాల్లో) కొట్టండి:

బీసీడీబూట్ సీ:\విండోస్ /ఎస్ జడ్: /ఎఫ్ యూఈఎఫ్ఐ

బయాస్‌లోకి (విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగుల స్క్రీన్) వెళ్లి ఎస్ఎస్‌డీ పేరున్న విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి తెచ్చి, పాత డిస్క్ కేబుల్ పీకి ఆన్ చెయ్యండి. అలా లేచాకే పాత డిస్క్ జోలికి వెళ్లండి. పాతదాని 100 ఎంబీ ఈఎఫ్ఐ ముక్క నిండిపోయి అప్‌గ్రేడ్ ఆగుతున్నా మందు ఇదే.

పాత డిస్క్ ఇప్పటికే పోయిందా? విండోస్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కితే కమాండ్ ప్రాంప్ట్ వస్తుంది. మిగతా అంతా అదే పని. కాకపోతే అక్కడ విండోస్ డ్రైవ్ అక్షరం సీ కాకపోవచ్చు, డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ వాల్యూమ్ కొట్టి చూశాకే చెయ్యి పెట్టండి.

కొత్తగా వేసేవాళ్లు ముందే ఎస్ఎస్‌డీ ఒక్కటి ఉంచి మిగతా డిస్కుల సాటా కేబుళ్లు పీకండి. ల్యాప్‌టాప్‌లో డీవీడీ చోట క్యాడీలో (డిస్క్ పెట్టే ట్రే) డిస్క్ పెట్టి ఉంటే క్యాడీయే బయటికి లాగండి. రెండు నిమిషాల పని.

మిగతావి

సెటప్‌లో డిస్కే కనబడకపోతే ఇంటెల్ వీఎండీ అనే స్టోరేజ్ డ్రైవర్ పెన్‌డ్రైవ్‌లో వేసి లోడ్ చెయ్యండి. పాత పేజీమేకర్ ఫైళ్లలో తెలుగు బదులు పిచ్చి అక్షరాలు వస్తే అను అనే తెలుగు డీటీపీ ఫాంట్లు మళ్లీ వెయ్యలేదన్నమాట. ట్యాలీ డేటా సాధారణంగా సీ డ్రైవ్‌లో యూజర్స్, పబ్లిక్ కింద ఉంటుంది. డెస్క్‌టాప్ ఒక్కటీ కాపీ చేసి బ్యాకప్ తీశామనకండి.