తేమ లాగే మిషన్ కొన్నారా? ముందు దానికి సరైన అంకె చెప్పండి

విశాఖలో సముద్రానికి దగ్గర్లో ఉండేవాళ్ళకి ఈ బాధ నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఆగస్టులో ముసురు పట్టిందంటే అప్పడాలు డబ్బాలోనే మెత్తబడతాయి, ఉప్పు ముద్ద కడుతుంది, బీరువా తెరిస్తే ముక్కిపోయిన వాసన. అమ్మ పట్టుచీరల మడతల్లో తెల్లగా బూజు కనిపించిన రోజు డీహ్యూమిడిఫైయర్ కొన్నాను, కొన్నాక రెండు వారాలు అది పనిచేయట్లేదనే తిట్టుకున్నాను. అది పనిచేస్తూనే ఉంది. తప్పు చోట పెట్టి తప్పు అంకె చెప్పింది నేనే.

ఈ మిషన్ దానంతటదే ఆన్, ఆఫ్ అవడానికి లోపల హ్యూమిడిస్టాట్ అని ఒకటి ఉంటుంది. ఫ్రిజ్‌లో థర్మోస్టాట్ చల్లదనాన్ని చూసుకున్నట్టు ఇది తేమని చూసుకుంటుంది. పాతకాలం వాటిలో మనిషి వెంట్రుక వాడేవారు, నిజంగానే. తేమ తగిలితే వెంట్రుక కొంచెం సాగుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. దాన్ని పట్టుకునే సోషూర్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త 1780ల్లో తేమ కొలిచే పరికరం చేశాడు. ఇప్పుడు ఆ పని చిన్న చిప్ చేస్తోంది. చిక్కేమిటంటే చాలా మిషన్లలో ఆ చిప్ మిషన్ ఒంట్లోనే ఉంటుంది, అంటే అది చూసేది తన చుట్టుపక్కల గాలినే. డిస్‌ప్లే మీద తేమ 50 శాతం అని చూసి మురిసిపోయాను, అదే గదిలో బీరువా వెనక గోడ దగ్గర 72 ఉంది!

అందుకే ముందుగా విడిగా తేమ కొలిచే మీటర్, అంటే ఒక చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ కొనండి, ఖరీదు పెద్దగా ఉండదు. కానీ దాన్నీ గుడ్డిగా నమ్మొద్దు. సీసా మూతలో వంటింటి ఉప్పు వేసి నాలుగు చుక్కల నీళ్ళు కలపండి, కరిగిపోకూడదు, తడి ఇసుకలా ఉండాలి. ఆ మూతనీ మీటర్‌నీ జిప్ కవర్లో పెట్టి రాత్రంతా వదిలేయండి. మీటర్ మీద మాత్రం ఉప్పు పడకూడదు. ఉప్పు అలా తడిగా ఉన్నంతసేపు కవర్లో గాలి తేమ 75 శాతం దగ్గరే ఆగుతుంది. పొద్దున్నే చూస్తే మీ మీటర్ 70 అంటోందా? అయితే అది ఎప్పుడూ 5 తక్కువ చెబుతోందని గుర్తుపెట్టుకోండి. మాది 4 తక్కువ చెప్పేది, స్కెచ్ పెన్‌తో వెనకాల రాసిపెట్టాను.

తర్వాత కిటికీలు. పన్నెండు బై పన్నెండు గది, పదడుగుల ఎత్తు అనుకోండి. 30 డిగ్రీల వేడిలో తేమ 85 శాతం ఉంటే ఆ గాలి మొత్తంలో ఉండే నీరు లీటరు, అంతే. దాన్ని 55కి దించడానికి తీయాల్సింది లీటరులో సగం కూడా కాదు. మరి రోజూ ట్యాంకులోకి మూడు నాలుగు లీటర్లు ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు? తలుపు కింది సందులోంచి, కిటికీ సందుల్లోంచి, లోపల ఆరేసిన తడి బట్టల్లోంచి. సందులు మూయకుండా మిషన్ వేయడమంటే చిల్లు కుండలో నీళ్ళు పోయడమే. గోడకి నెమ్ము పైపు లీకు వల్ల వస్తుంటే మాత్రం ముందు ప్లంబర్ని పిలవండి, మిషన్‌తో అది తగ్గదు.

ఇక అంకె. 55 పెట్టండి. 60 దాటి ఎక్కువ రోజులు ఉంటే బూజుకి అవకాశం ఇచ్చినట్టే, 40కి దించితే ఈ ఊళ్ళో మిషన్ ఆగనే ఆగదు. 250 వాట్ల మిషన్ 12 గంటలు తిరిగితే 3 యూనిట్లు, బిల్లు మీరే లెక్కేసుకోండి. పైగా మిషన్ తిరుగుతున్నంతసేపు గది కాస్త వేడెక్కుతుంది, ఉన్న ఉక్కపోతకి అది తోడు. మనుషులు పడుకునే గదికైతే నా ఓటు ఏసీలో డ్రై మోడ్‌కే.

బీరువా దగ్గరి తేమని బట్టే మిషన్ నడవాలంటే వైరు చివర సెన్సర్ ఉండి, తేమని బట్టి మిషన్‌కి కరెంటు ఇచ్చి ఆపే ప్లగ్ కంట్రోలర్ దొరుకుతుంది. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మీ మిషన్ ఆన్‌లో ఉండగా ప్లగ్ తీసి, ఐదు నిమిషాలాగి మళ్ళీ పెట్టండి. దానంతటదే మొదలైతే సరే. టచ్ బటన్ నొక్కేదాకా పడుకునే రకమైతే కంట్రోలర్ కొని లాభం లేదు, కరెంటు పోయి వచ్చినా అదే గొడవ. సరిపోయే మిషనే అయితే దాని సొంత సెట్టింగ్‌ని కంటిన్యూయస్‌లో, అంటే ఆగకుండా తిరిగేలా ఉంచండి, లేదంటే ఇద్దరు యజమానులవుతారు. కంట్రోలర్‌లో తేమ తగ్గించే మోడ్ ఎంచుకున్నారో లేదో రెండుసార్లు చూసుకోండి, తేమ పెంచే మోడ్‌లో ఉంటే అంతా తలకిందులు. 58కి ఆన్, 53కి ఆఫ్ అయ్యేలా తేడా ఇవ్వండి. ఆగిన కంప్రెసర్ మూడు నిమిషాలైనా గడవకుండా మళ్ళీ మొదలవకూడదు కాబట్టి డిలే కూడా పెట్టండి. సెన్సర్‌ని మిషన్ గాలి నేరుగా తగలని చోట, నేలకి మూడు నాలుగడుగుల ఎత్తులో కట్టండి.

షికాగోలో ఉన్న మా చెల్లికి ఇదంతా చెబితే నవ్వింది. అక్కడ చలికాలంలో హీటర్ వల్ల గాలి ఎండిపోయి పెదాలు పగులుతాయట, వాళ్ళింట్లో హ్యూమిడిస్టాట్ తేమని పెంచే మిషన్‌ని నడుపుతుంది. బయట చలి ముదిరేకొద్దీ అంకె తగ్గించాలి, లేకపోతే కిటికీ అద్దాల మీద నీళ్ళు కారతాయి.

ట్యాంకు నిండితే మిషన్ ఆగిపోతుంది. ఊరెళ్ళేటప్పుడు పైపు తగిలించి బాత్రూంలోకి వదలండి, పైపు దారంతా కిందికే వాలుగా ఉండాలి. ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు, ఇన్వర్టర్ బ్యాటరీలోనూ పోయొద్దు, ఇల్లు తుడవడానికి వాడుకోండి. రెండు వారాలకోసారి ఫిల్టర్ కడగండి. అరచేతిలో పట్టే బుల్లి మిషన్లు మాత్రం కొనకండి, రోజంతా తిరిగినా గ్లాసో గ్లాసున్నరో నీళ్ళు, అంతే. ఒకటి నా దగ్గరుంది, దాని మీద ఇప్పుడు తులసి కుండీ పెట్టాం.