ఫ్యాక్టరీ ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్న ఇంటివాళ్లకు: ఏడుస్తూనే చేయాల్సిన పనులు

మా తమ్ముడు పనిచేసే చోట రియాక్టర్ పేలి మొన్న కార్తీకానికి ఏడాది నిండింది. నైట్ షిఫ్ట్‌కి వెళ్తూ "అక్కా, పొద్దున్న ఇడ్లీ పెట్టు" అన్నాడు. ఆ పొద్దున నేను మార్చురీ బయట చెట్టు కింద కూర్చున్నాను. మీ ఇంట్లోనూ ఇలా జరిగి ఉంటే, దుఃఖం తగ్గాక చూద్దాంలే అనుకోకండి. అది తగ్గేలోపు కాగితాలు చేజారిపోతాయి.

మొదటి వారంలోనే ఎవరో ఒకరు చెక్కు పట్టుకొని వస్తారు. డబ్బు తీసుకోవడం తప్పు కాదు, పిల్లల ఫీజులు ఆగవు కదా. కానీ చదువు వచ్చిన మనిషి పక్కన లేకుండా సంతకం పెట్టకండి. "ఇకపై కేసు వేయము" అని ఎక్కడైనా రాసి ఉంటే ఆగిపోండి. మా అమ్మ చేత ఖాళీ స్టాంపు పేపరు మీద వేలిముద్ర వేయించబోతే మా మరదలు చూసి లాక్కుంది.

ఎఫ్ఐఆర్ కాపీ బాధితులకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం కూడా. వాటిలో పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. మావాడి పేరులో ఒక్క అక్షరం తప్పు పడి నాలుగు నెలలు తిరిగాం. కాంట్రాక్టు మనిషైతే, రిజిస్టర్‌లో పేరే లేదనవచ్చు. గేటు పాసు, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్, సూపర్‌వైజర్ పెట్టిన వాట్సాప్ మెసేజీలు అప్పుడు పనికొస్తాయి. అందుకే పోయినవాళ్ల ఫోన్‌ని రీసెట్ చేసి పిల్లలకు ఇచ్చేయకండి.

దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా బాధితులకు పోలీసులు చెప్పాలని కొత్త చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 193వ సెక్షన్‌లో ఉంది. అది రాసి అర్జీ పెట్టి, రసీదు తీసుకోండి. ఫ్యాక్టరీల శాఖకు సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. "ప్రమాదం ఎందుకు జరిగింది" అని అడిగితే ఏమీ రాదు. ఆ చట్టం కింద ఇచ్చేది వాళ్ల దగ్గరున్న రికార్డునే. గత మూడేళ్లలో తనిఖీ చేసిన తేదీలు, ఆ రిపోర్టుల నకళ్లు, ఇచ్చిన నోటీసులు కావాలని అడగండి.

ఒంటరిగా తిరగకండి. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో ట్రాన్స్‌ఫార్మర్ మంటల పొగ బాల్కనీలోకి కమ్మి 59 మంది చనిపోయారు. అదనపు సీట్లు వేసి దారి మూసేశారు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఆ నెలలోనే సంఘం పెట్టుకున్నారు. కేసు నడుస్తుండగా కోర్టు ఫైల్లోని కాగితాలే చిరిగాయి, మాయమయ్యాయి. వాళ్లు పట్టు వదల్లేదు. ఆ నేరం మీద వేరే కేసు నడిచి 2021లో శిక్షలు పడ్డాయి. ఇది చదివాకే మేం ప్రతి కాగితానికీ సర్టిఫైడ్ కాపీ తీసి మూడిళ్లలో దాచాం.

ఇక జ్ఞాపకం సంగతి. ఇంట్లో సంవత్సరీకం ఎలాగూ పెడతాం. అది కాక ఆ తేదీన అందరం ఒకచోట కలవాలి. గేటు దగ్గర కలవాలనుకుంటే పోలీసులకు ముందుగా లెటర్ ఇవ్వండి. ఫ్లెక్సీ మీద నాయకుల ఫొటోలు వద్దని మేం మొదటే అనుకున్నాం. ఒక్కొక్క పేరూ చదివి, ఆ మనిషి గురించి ఒక మాట చెప్పాం. మావాడికి బైకు కొనాలని ఉండేది, అదే చెప్పాను.

పోయినవాళ్లలో ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడు ఉన్నాడు. వాళ్లవాళ్లు రాలేకపోయారు. వీడియో పంపిస్తే, పేరు తప్పు పలికారని వాళ్ల నాన్న ఫోన్ చేసి చెప్పారు. ఈసారికి ఆయన్నే పలికి రికార్డు చేసి పంపమన్నాను. రోజూ వింటూ నేర్చుకుంటున్నాను.