‘ఎందరి మీద చేశారు డాక్టర్ గారూ?’: వైద్య కళాశాల నుంచి పరిశోధన వార్త వస్తే రాసే తీరు

సాయంత్రం నాలుగు దాటాక ఫోనులో ఒక ఫోటో పడుతుంది. మధ్యలో ప్రిన్సిపల్, పక్కన విభాగాధిపతి, చివర శాలువా కప్పుకుని ఎటు చూడాలో తెలియని పీజీ విద్యార్థిని. దాని కింద పది వాక్యాల ప్రెస్ నోట్. అందులో ‘అంతర్జాతీయ’ అన్న మాట మూడుసార్లు, ‘మొట్టమొదటిసారిగా’ రెండుసార్లు ఉంటాయి. ఎంతమంది రోగులను పరిశీలించారన్నది మాత్రం ఎక్కడా ఉండదు. ఆరున్నరకల్లా నేను రాసిన ఐటెం పత్రికాఫీసు డెస్కుకు చేరాలి.

ఒకప్పుడు మన జిల్లాల విలేకరికి ఈ తలనొప్పి తక్కువ. వైద్య పరిశోధన అంటే హైదరాబాద్ వాళ్ల పని, మనకు ప్రమాదాలు, ధర్నాలు, ధాన్యం కొనుగోళ్లు. ఇప్పుడు లెక్క మారింది. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో, 2022లో నాగర్‌కర్నూల్, వనపర్తిలో, 2024లో గద్వాల, నారాయణపేట, యాదాద్రి భువనగిరి జిల్లాల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ సరేసరి. కళాశాల ఉన్నచోట పీజీలు, పీజీలు ఉన్నచోట థీసిస్‌లు, థీసిస్ ఉన్నచోట ప్రెస్ నోట్ తప్పవు. కొత్తగా చేరిన విలేకరులు నన్ను అడిగితే చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను. వీటిలో సగం నా తప్పుల వల్ల నేర్చుకున్నవి.

అన్నిటికన్నా పెద్ద తప్పు 2003లో చేశాను. అప్పుడు విలేకరిగా చేరి ఏడాది కాలేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చింతపండుకు, ఫ్లోరైడ్‌కు ఉన్న సంబంధం మీద ఏదో పరిశోధన చేసిందని ఒక సమావేశంలో ఎవరో చెప్పగా విన్నాను. తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు వంగిపోయే ఫ్లోరోసిస్ జబ్బుకు పేరుపడ్డ నల్లగొండ జిల్లాలో ఉండి అలాంటి వార్తను ఎవరు వదులుతారు? ‘చింతపండుతో ఫ్లోరోసిస్‌కు చెక్’ అని రాసి పంపాను. మూడు కాలమ్‌లలో ఫోటోతో వచ్చింది. నెల తర్వాత వేరే పని మీద మర్రిగూడ వైపు వెళ్తే, నడుము నేలవైపు వంగిపోయిన ఒక అవ్వ చెంబు తెచ్చి చూపించింది. చిక్కటి చింతపండు రసం. “పేపర్లో రాశారని మనవడు చదివి వినిపించాడు బిడ్డా. పొద్దున, సాయంత్రం తాగుతున్నాను. కడుపులో ఒకటే మంట. నడుము ఎన్నాళ్లకు లేస్తుంది?” అని అడిగింది. ఆమె పక్కనే బోరు నీళ్ల బిందె. చింతపండు విషాన్ని లాగేస్తుంది కదా అని, దూరం నుంచి మంచినీళ్లు తెచ్చుకోవడం మానేసి బోరు నీళ్లే తాగుతోంది. అది రాసింది నేనేనని ఆమెకు చెప్పలేదు.

తిరిగి వచ్చి చేసిన పని, ముందే చేయవలసిన పని. అసలు పత్రం సంపాదించి చదివాను. 2002లో ‘యూరోపియన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ న్యూట్రిషన్’లో వచ్చింది. అధ్యయనం ముగిసేదాకా ఉన్నవారు 18 మంది. అందరూ హాస్టల్లో ఉండే బాలురు, ఆరోగ్యవంతులు. నడుము వంగినవారు ఒక్కరూ లేరు. రోజుకు 10 గ్రాముల చింతపండు, 18 రోజులు, అదీ మధ్యాహ్న భోజనంతో. కొలిచింది మూత్రంలో రోజూ బయటికి పోయే ఫ్లోరైడ్. అది సగటున 3.5 మిల్లీగ్రాముల నుంచి 4.8కి పెరిగింది. మంచి పరిశోధనే. చింతపండుతో ఒంట్లోని ఫ్లోరైడ్ మరికొంత బయటికి పోతుందని చూపింది. కానీ వంగిన ఎముక తిన్నబడుతుందని ఆ పత్రంలో ఎవరూ అనలేదు, అన్నది నేను. ఒకసారి గట్టిపడి వంకర తిరిగిన ఎముకను ఏ చింతపండూ వెనక్కి తీసుకురాలేదు. వైద్యులు చెప్పేదల్లా ఒకటే: ఇకముందు ఆ నీళ్లు తాగకుండా చూడాలి. నా వార్త ఆ అవ్వ చేత సరిగ్గా దానికి విరుద్ధమైన పని చేయించింది.

అందుకే ప్రెస్ నోట్ రాగానే దాని వెనుక పేజీ మీద నాలుగు ప్రశ్నలు రాసుకుంటాను. ఎవరి మీద చేశారు? ఎందరి మీద? ఎన్నాళ్లు? చివరికి కొలిచింది ఏమిటి? రోగులా, ఆరోగ్యవంతులా, ఎలుకలా, గాజు పళ్లెంలోని కణాలా అన్నది మొదటి దానిలోనే తేలిపోతుంది. నాలుగోది అన్నిటికన్నా మోసకారి. మూత్రంలో ఫ్లోరైడ్, రక్తంలో చక్కెర, ఎక్స్‌రేలో ఎముక సాంద్రత అంకెల్లో మారవచ్చు, రోగికి మాత్రం మెట్లెక్కేటప్పుడు మోకాలి నొప్పి అలాగే ఉండవచ్చు. మందు ఇచ్చిన అధ్యయనమైతే ఐదో ప్రశ్న కూడా వేయాలి: మందు ఇవ్వని వాళ్లను పక్కన పెట్టుకుని పోల్చారా? పోలిక లేకపోతే, తనంతట తగ్గిన జ్వరం కూడా మందు ఖాతాలో పడుతుంది.

ఈ ప్రశ్నలు ఎవరిని అడగాలన్నది మరో సంగతి. ఫోటోలో మధ్యన ఉన్నవారిని అడిగితే ప్రభుత్వ సహకారం గురించి చెబుతారు. పత్రంలో పేర్ల వరుస చూడండి. సాధారణంగా పని ఎక్కువ చేసినవారి పేరు ముందు ఉంటుంది, పెద్దల పేరు చివర ఉంటుంది. విభాగాధిపతికి ఒక మాట చెప్పి, ముందున్న పేరుకు ఫోన్ చేయండి. ఓపీ ముగిసి భోజనం అయ్యాక, రెండున్నర ప్రాంతంలో. నమూనాలు తన చేత్తో తీసిన పీజీకి అడిగేవాళ్లు దొరికితే చాలు, ప్రెస్ నోట్‌లో లేనిదంతా చెబుతారు. ఊళ్లో సగం మంది రక్తం ఇవ్వడానికి ఎందుకు ఒప్పుకోలేదో కూడా చెబుతారు. చాలాసార్లు అసలు వార్త అక్కడే దొరికింది నాకు.

ఇక ‘ఘనత’ల్లో రకాలు. వీటిని కలిపేస్తే అభాసుపాలవుతాం. ఎంబీబీఎస్ విద్యార్థికి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) స్వల్పకాలిక ప్రాజెక్టు మంజూరైందంటే, విద్యార్థి వేసిన ప్రశ్న బాగుందని అర్థం, జవాబు దొరికిందని కాదు. సదస్సులో పోస్టర్‌కు బహుమతి అంటే అట్ట మీద అతికించిన వివరాలు నిర్ణేతలకు నచ్చాయని. థీసిస్ అంటే పట్టా కోసం ఒక ఆసుపత్రిలో, ఉన్న సమయంలో, వచ్చిన రోగులతో చేసిన పని. వైద్య జర్నల్ అచ్చువేసిన పరిశోధన పత్రం వీటికన్నా ఒక మెట్టు పైన. అన్నీ రాయదగ్గవే, మన ఊరి ఆడపిల్లకు పోస్టర్ బహుమతి వస్తే నేను సంతోషంగా ఫోటో వేయిస్తాను. ‘వైద్య చరిత్రలో మైలురాయి’ అని మాత్రం రాయను.

పత్రం అచ్చయిన జర్నల్‌ను కూడా ఒకసారి తట్టి చూడాలి. పదోన్నతికి పత్రాల లెక్క ఉంటుంది కాబట్టి, డబ్బు కడితే ఏదైనా అచ్చువేసే ‘అంతర్జాతీయ’ జర్నళ్లు పుట్టుకొచ్చాయి. ఒకసారి ఒక డాక్టరు ఎంతో గర్వంగా ఇచ్చిన ప్రింటు తిరగేస్తే, పత్రం అందిన తేదీకి, ఆమోదించిన తేదీకి మధ్య నాలుగు రోజులే. నిజంగా ఇద్దరు నిపుణులు చదివి, ప్రశ్నలు వేసి, జవాబులు తెప్పించుకుంటే నెలలు పడుతుంది. చాలా జర్నళ్లలో పత్రం మీదే ఈ రెండు తేదీలు ఉంటాయి, ఎవరూ చూడరు. పత్రం పేరును పబ్‌మెడ్ అనే వైద్య పత్రాల జాబితాలో కొట్టి చూడండి. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపేది, ఉచితం, ఫోనులోనే తెరుచుకుంటుంది. అందులో ఉన్నంత మాత్రాన అంతా బంగారం కాదు, లేనంత మాత్రాన చెత్తా కాదు. లేకపోతే మాత్రం ఇంకో డాక్టరును అడగకుండా ఐటెం పంపవద్దు.

‘మొట్టమొదటిసారిగా’ అన్న మాట చూస్తే నాకు చెయ్యి దురద. నల్లగొండ ఫ్లోరోసిస్ మీద ‘మొట్టమొదటి’ పరిశోధన అని ఇప్పటికి ఎన్ని ప్రెస్ నోట్‌లు వచ్చాయో. ఎ.హెచ్.సిద్దిఖీ ‘హైదరాబాద్ దక్కన్, నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్’ అన్న పత్రాన్ని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 1955లోనే అచ్చువేయించారు. ఫ్లోరోసిస్ ప్రాంతాల్లో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే వైకల్యం గురించి, గుల్లబారే ఎముకల గురించి జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో రాశారు. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పితే తెట్టులా ముద్దకట్టే పటిక పదార్థం ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగుతుంది, పైనీటిని వడకట్టుకోవాలి. ఆఫ్రికా దేశాల్లో కూడా దాన్ని ‘నల్లగొండ పద్ధతి’ అంటారు. ఇంత చరిత్ర ఉన్నచోట ‘మొట్టమొదట’ అన్న ముక్క తీసేసి ‘తాజాగా’ అని రాస్తే ఎవరికీ అన్యాయం జరగదు.

శాతాల దగ్గర కాస్త ఆగాలి. మోకాళ్ల నొప్పులతో ఆసుపత్రికి వచ్చిన 50 మందిలో 30 మందికి ఫ్లోరోసిస్ లక్షణాలు కనిపించాయనుకుందాం. ప్రెస్ నోట్ ‘60 శాతం మందికి ఫ్లోరోసిస్’ అంటుంది. డెస్కు దాన్ని ‘జిల్లాలో 60 శాతం మందికి’ చేస్తుంది. ఆ 50 మంది నొప్పి భరించలేక ఆసుపత్రి గడప ఎక్కినవాళ్లు. నొప్పి లేనివాళ్లు ఆ లెక్కలోకే రారు. అందుకే నేను శాతం రాయకముందే ‘ఆసుపత్రికి వచ్చిన 50 మందిలో 30 మంది’ అని రాస్తాను, అప్పుడు ఎవరు మార్చాలన్నా కష్టం. కొలతలూ అంతే. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు సహించవచ్చని మన దేశ ప్రమాణం. నేను ‘1.5 పీపీఎం’ (పది లక్షల భాగాల్లో ఒకటిన్నర, అంటే లీటరుకు 1.5 మిల్లీగ్రాములే) అని పంపితే ఒకసారి ‘1.5 శాతం’ అని అచ్చయింది. అంటే పదివేల రెట్లు. ఆ నీళ్లు తాగితే ఫ్లోరోసిస్ దాకా ఆగనవసరం లేదు. అప్పటి నుంచి ‘లీటరుకు 1.5 మిల్లీగ్రాములు’ అనే రాస్తున్నాను.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా మరో ప్రశ్న ఉంది: నమూనాలు ఎప్పుడు తీశారు? పత్రం అచ్చయిన ఏడాది వేరు, మూత్రం సీసాలో పట్టిన ఏడాది వేరు. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే వాటర్‌గ్రిడ్ (మిషన్ భగీరథ) పథకం పైలాన్ ఆవిష్కరించారు, తర్వాత ఒక్కో ఊరికీ కృష్ణా నీళ్లు చేరాయి. నల్లా రాకముందు తీసిన నమూనాలతో ఇప్పుడు పత్రం వస్తే, ‘నేటికీ తీవ్రం’ అని రాయడం తప్పు. వచ్చిన తర్వాత తీసినవాటిలో కూడా ఫ్లోరైడ్ ఎక్కువగానే ఉంటే, నల్లా నీళ్లను తిట్టేముందు డాక్టరును అడగండి. ఎముకలో ఏళ్లపాటు పేరుకున్న ఫ్లోరైడ్ నెమ్మదిగా ఏళ్ల తరబడి బయటికి వస్తూనే ఉంటుంది.

ఫోటో గురించి ఒక్క మాట. వంకర కాళ్ల పిల్లల ఫోటోలు మన జిల్లా పేజీల్లో చాలా వచ్చాయి, నేనూ తీశాను. ఇప్పుడు మొహం కనిపించే ఫోటో, పేరు, ఊరు కలిపి వేయను. నీటి పరీక్ష చేస్తున్న చేతుల ఫోటో చాలు.

రాసేటప్పుడు పరిమితులను రెండో పేరాలోనే పెట్టండి. ‘అయితే ఇది కొద్దిమందిపై చేసిన అధ్యయనం మాత్రమే’ అని చివర రాస్తే, చోటు చాలనప్పుడు డెస్కు కింది నుంచే కత్తిరిస్తుంది, మిగిలేది గొప్పలే. 2003 నాటి నా ఐటెం ఇప్పుడైతే ఇలా రాస్తాను:

‘భోజనంతో పాటు రోజూ 10 గ్రాముల చింతపండు తీసుకున్న 18 మంది బాలుర శరీరం నుంచి మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయినట్లు జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు గుర్తించారు. వీరంతా ఆరోగ్యవంతులు. ఫ్లోరోసిస్‌తో వంగిన ఎముకలు దీనివల్ల సరవుతాయని ఈ అధ్యయనం చెప్పలేదు. ఫ్లోరైడ్ లేని నీళ్లు తాగడమే ముఖ్యం.’

అంతా అయ్యాక, పంపేముందు పరిశోధన చేసినవారికి ఫోన్ చేసి అంకెలు మాత్రం చదివి వినిపిస్తాను. ఐటెం మొత్తం పంపను. పంపితే ప్రిన్సిపల్ గారి పేరు ముందు ‘గౌరవనీయులైన’ అన్న మాట చేరి తిరిగివస్తుంది.

కిందటి నెల ఒక పీజీ అమ్మాయికి ఇలాగే అంకెలు చదివి వినిపించాను. అవతల కాసేపు మౌనం. “సార్, 112 కాదు, 104. ఎనిమిది మంది మధ్యలో మానేశారు. నోట్‌లో తప్పు పడింది” అంది. సరిదిద్ది పంపాను. లోపలి పేజీలో సింగిల్ కాలమ్‌లో, ఫోటో లేకుండా వచ్చింది.