రూట్ కెనాల్ మొదలుపెట్టే ముందు: చిగురు, పెదవి, బుగ్గ జాగ్రత్త

క్లినికల్ పోస్టింగులు దగ్గరపడ్డాయి కదా, ఇవి చూసుకోండి.

– హైపోక్లోరైట్ (కెనాల్ కడిగే ద్రావణం) సూది కెనాల్‌లో, అంటే పంటి వేరు లోపలి సన్నని దారిలో, బిగుసుకోకూడదు. పక్కన రంధ్రమున్న సూదికి వర్కింగ్ లెంగ్త్ (కెనాల్‌లో పని చేయాల్సిన పొడవు) కన్నా 2 మిల్లీమీటర్లు తక్కువలో స్టాపర్ (లోతు గుర్తుగా సూదికి తొడిగే రబ్బరు ముక్క) పెట్టి, పైకీ కిందకీ కదుపుతూ మెల్లగా వదలండి. సిరంజి పిస్టన్‌ను చూపుడువేలితో నొక్కితే ఒత్తిడి అదుపులో ఉంటుంది. ద్రావణం వేరు కొన దాటిందా, క్షణాల్లో భరించలేని నొప్పి, ముఖం వాపు, కమిలిన మచ్చలు. ఈ పనిలో మెత్తటి కణజాలాలకు ఉన్న పెద్ద ప్రమాదాల్లో ఇదొకటి.

– రబ్బర్ డ్యామ్ (పంటిని మిగతా నోటి నుంచి వేరుచేసే రబ్బరు షీటు) అంచు కారుతోందేమో ముందే నీళ్లతో చూడండి. ద్రావణం కారి చిగురు కాలేది అక్కడే.

– క్లాంప్ (డ్యామ్‌ను పట్టి ఉంచే క్లిప్పు) పంటిని పట్టాలి, చిగురును కాదు. నలిగితే మర్నాటికి పుండవుతుంది.

– పెదవులకు వాజెలిన్ రాయండి. పొడిబారిన మూల లాగితే చీలుతుంది.

– మత్తు దిగేదాకా పెదవి, బుగ్గ కొరుక్కోవద్దని చెప్పండి. పిల్లలైతే, వెంట వచ్చిన పెద్దవాళ్లకు తప్పకుండా చెప్పాలి.