ఇంట్లో రికార్డు చేసిన పాట సరిగా వినపడడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా పట్టుకోండి

పాట పాడి, రికార్డింగ్ ఆపి, ప్లే నొక్కారు. ఏమీ వినపడలేదు. లేదా వినపడింది గానీ మధ్యమధ్య చిటుక్కుమంటోంది, తెగిపోతోంది, గొంతే మారిపోయింది. అలాంటప్పుడు దయచేసి ఆ టేకును, అంటే రికార్డు చేసిన ఆ పాటను, డిలీట్ చేయకండి. మళ్లీ పాడడం మొదలుపెట్టకండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. చెన్నై మైలాపూర్‌లో ఉండే మా అక్క కూతురు కిందటి ధనుర్మాసంలో, ఇక్కడివాళ్లు మార్గళి అంటారే, ఆ రోజుల్లో త్యాగరాజ కీర్తన ఒకటి మూడుసార్లు పాడి మూడుసార్లూ తీసేసింది. నాలుగోసారికి గొంతు బొంగురుపోయింది. అప్పుడు ఫోన్ చేసి, "పిన్నీ, మైకు పోయినట్టుంది. వింటుంటే నా గొంతులా లేదు, ఎవరో చిన్నపిల్ల పాడినట్టుంది" అంది. మైకుకు ఏమీ కాలేదు, పాటకూ ఏమీ కాలేదు. వినిపించే దారిలో ఒక్క సెట్టింగ్ తేడాగా ఉంది, అంతే.

మొదటి పని: లోపం ఫైల్లోనా, వినిపించడంలోనా?

చిటుక్కుమన్న చోటును మూడుసార్లు ప్లే చేయండి. మూడుసార్లూ సరిగ్గా అదే సెకను దగ్గర చప్పుడొస్తే అది రికార్డింగ్‌లోనే పడింది. ఆ చోట వేవ్‌ఫామ్‌ను, అంటే తెర మీద శబ్దం గీతలా కనిపించే బొమ్మను, బాగా పెద్దది చేసి చూస్తే గీత ఉన్నట్టుండి తెగి కనిపిస్తుంది. ఒకసారి ఇక్కడ, ఇంకోసారి అక్కడ వస్తుంటే మాత్రం మీ ఫైలు క్షేమం. ఇంకా అనుమానముంటే పాటను వేవ్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి ఫోన్‌లోకి పంపి, వైరున్న ఇయర్‌ఫోన్స్‌తో వినండి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గానే పంపాలి, లేకపోతే అది ఫైలును కుదించవచ్చు. ఫోన్‌లో శుభ్రంగా వినపడిందా, ఇక మీరు చూడాల్సింది కంప్యూటర్‌నే. అక్కడి నుంచి ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ఒకేసారి నాలుగు మారిస్తే దేనివల్ల బాగుపడిందో తెలియదు, రేపు మళ్లీ వస్తే మళ్లీ మొదటికే.

అసలు శబ్దమే రాకపోతే

ప్లే అవుతున్నప్పుడు సాఫ్ట్‌వేర్‌లో లెవెల్ మీటర్ కదులుతోందా చూడండి. కదలకపోతే ట్రాక్ మ్యూట్‌లో ఉండొచ్చు, లేదా వేరే ట్రాక్‌కు సోలో (ఆ ఒక్కటే వినిపించే బటన్) నొక్కి ఉండొచ్చు. కదులుతుంటే శబ్దం బయల్దేరింది, మీ చెవికి కాకుండా ఇంకెక్కడికో పోతోంది. మానిటర్‌నో టీవీనో హెచ్‌డీఎంఐతో కలిపినప్పుడు విండోస్ తనంతట తానే శబ్దాన్ని అటు మళ్లించడం మామూలే. సాఫ్ట్‌వేర్‌లో ప్లేబ్యాక్ డివైస్‌గా మీ ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును, హెడ్‌ఫోన్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) పేరే ఉందో లేదో చూసుకోండి. సాఫ్ట్‌వేర్ తెరిచాక ఇంటర్‌ఫేస్‌ను గుచ్చి ఉంటే ఆ పేరు జాబితాలో కనిపించదు. ఆడాసిటీ అనే ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఆడియో సెటప్‌లోకి వెళ్లి రీస్కాన్ నొక్కాలి, మిగతావాటిలో మూసి మళ్లీ తెరిస్తే చాలు.

ఇంటర్‌ఫేస్ మీద మిక్స్ అనో మానిటర్ అనో రాసున్న నాబ్ ఉంటే దాన్నీ చూడండి. అది పూర్తిగా ఇన్‌పుట్ వైపు తిరిగి ఉంటే మీ మైకు మాత్రమే వినపడుతుంది, కంప్యూటర్ నుంచి వచ్చేది వినపడదు. చాలామంది గంటలకొద్దీ డ్రైవర్లు (కంప్యూటర్ పరికరంతో మాట్లాడడానికి వాడే ప్రోగ్రాంలు) మార్చుకుంటూ కూర్చునేది ఈ ఒక్క నాబ్ వల్లే.

ఆడాసిటీ ఎర్రర్ నంబర్ చూపిస్తే దాన్ని కొట్టేయకుండా చదవండి. మైనస్ 9996 అంటే ఎంచుకున్న డివైస్ దానికి దొరకలేదని. మైనస్ 9997 అంటే శాంపిల్ రేటు, అంటే సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తుందన్న లెక్క, కుదరలేదని.

గొంతు మారితే, పాట తొందరగా అయిపోతే

మా పిల్లకు వచ్చిన చిక్కు ఇదే. ప్రాజెక్టు సెకనుకు 44,100 శాంపిళ్ల మీద ఉంది, ఇంటర్‌ఫేస్ 48,000 మీద నడుస్తోంది. మధ్యలో ఎవరూ లెక్క సరిచేయకపోతే ఉన్న శాంపిళ్లన్నీ త్వరత్వరగా ఖర్చయిపోతాయి. 10 నిమిషాల పాట 9 నిమిషాల 11 సెకన్లకే ముగుస్తుంది. శ్రుతి కూడా దాదాపు ఒకటిన్నర మెట్లు పైకి జరుగుతుంది. అయిదు శ్రుతిలో పాడింది ఐదున్నరకూ ఆరుకూ మధ్య ఎక్కడో పడుతుంది, హార్మోనియం మీద ఏ మెట్టుకూ అతకదు. సంగీతం నేర్చుకున్నవారికి ఇంతకంటే తేలిక పరీక్ష లేదు: ప్లే చేస్తూ పక్కన, పాడిన శ్రుతిలోనే తంబూరా పెట్టండి, కలవకపోతే ముందు శాంపిల్ రేటునే అనుమానించండి.

దీన్ని మూడు చోట్లా ఒకటే చేయాలి. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు సెట్టింగ్‌లో, ఇంటర్‌ఫేస్ కంట్రోల్ ప్యానెల్‌లో, విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్ పేజీలో. మ్యాక్ అయితే ఆడియో మిడి సెటప్ అనే ప్రోగ్రాంలో. రికార్డు అయిపోయిన ప్రాజెక్టు 44,100 అయితే దాన్ని ముట్టుకోకండి, మిగతావాటినే దానికి తగ్గట్టు మార్చండి.

ఇంకో మాట. చాలా సాఫ్ట్‌వేర్లలో ట్రాక్ తీసేసినా వేవ్ ఫైలు ప్రాజెక్టు ఫోల్డర్‌లో మిగిలే ఉంటుంది. వెతికితే మా పిల్ల మూడు టేకులూ దొరికాయి. వాటిలో రెండోదాన్నే చివరికి వాళ్ల గురువుగారికి పంపింది.

చిటపటలు వస్తుంటే

ఇక్కడ బఫర్ సంగతి తెలియాలి. కంప్యూటర్ శబ్దాన్ని చిన్న చిన్న వాయిదాల్లో అందిస్తుంది, ఒక్కో వాయిదా సైజే బఫర్. చెన్నైలో కాపురం చేసినవాళ్లకు దీన్ని నీళ్ల ట్యాంకుతో చెప్పొచ్చు. మేడ మీద ట్యాంకు చిన్నదైతే మోటారు వేయడం కాస్త ఆలస్యమైనా కుళాయి గాలి వదులుతుంది. ప్రాసెసర్ వేరే పనిలో పడి తర్వాతి వాయిదా సమయానికి ఇవ్వకపోతే వచ్చే ఆ ఖాళీయే మీకు వినపడే చిటుక్కు. ట్యాంకు పెద్దదైతే ఆ బాధ లేదు గానీ నిండేదాకా ఆగాలి, అంటే మైకులో పాడింది హెడ్‌ఫోన్‌లోకి ఆలస్యంగా వస్తుంది.

సెకనుకు 48,000 శాంపిళ్ల దగ్గర 256 బఫర్ అంటే 5.3 మిల్లీసెకన్లు, 1024 అంటే 21.3. రానూపోనూ కలిపితే అంతకు రెట్టింపు పైనే. అందుకని పాడేటప్పుడు 128 గానీ 256 గానీ, పాడడం అయ్యాక వినేటప్పుడు, మిక్సింగ్ చేసేటప్పుడు 1024 పెట్టుకోండి. 1024కు మార్చగానే చిటపటలు ఆగాయంటే కారణం దొరికినట్టే.

విండోస్‌లో ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన ఏసియో డ్రైవర్‌నే వాడండి. స్టైన్‌బర్గ్ 1997లో తెచ్చిన ఈ పద్ధతి విండోస్ మిక్సర్‌ను దాటుకుని నేరుగా పరికరంతో మాట్లాడుతుంది. మీ ఆడాసిటీలో ఏసియో కనిపించకపోతే అందులో వాసాపి (విండోస్ సొంత ఆడియో పద్ధతి) ఎంచుకోండి.

బఫర్ పెంచినా ఆగకపోతే వైఫై ఆపి చూడండి. దాని డ్రైవర్ ప్రాసెసర్‌ను పట్టి ఉంచడం తరచూ జరిగేదే. ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాం చూపిస్తుంది. ఇంటర్‌ఫేస్‌ను యూఎస్‌బీ హబ్‌లో కాకుండా నేరుగా ల్యాప్‌టాప్‌కే గుచ్చండి. పవర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి.

మన ఊరి వేడి కూడా ఇందులో చేరుతుంది. మైకులో చప్పుడు పడకూడదని ఫ్యాన్, ఏసీ ఆపి తలుపులన్నీ మూసి పాడతాం. మే నెలలో కాసేపటికే ల్యాప్‌టాప్ కాలిపోతుంటుంది, తనను కాపాడుకోవడానికి ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది. మొదటి పాట శుభ్రంగా ఉండి మూడో పాట నుంచి చిటపటలు మొదలైతే నేను ముందు అనుమానించేది ఈ వేడినే. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టకండి, కింద గాలి ఆడేలా రెండు చివర్లా పుస్తకాలు పెట్టి ఎత్తండి. ప్రతి పాటకూ మధ్య ఫ్యాన్ వేసి పది నిమిషాలు ఆగండి, గొంతుకూ మంచిదే.

బ్లూటూత్ హెడ్‌సెట్‌తో మాత్రం ఈ పరీక్షలేవీ చేయకండి. దాని మైకు పనిలోకి రాగానే శబ్దం ఫోన్ కాల్ స్థాయికి పడిపోతుంది, లేని లోపం ఉన్నట్టు వినపడుతుంది.

ఆగకుండా గుయ్‌మంటుంటే

ఇది సాఫ్ట్‌వేర్ పని కాదు, కరెంటుది. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, ఆ మోతే స్పీకర్లలోకి వస్తోంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. మోత ఆగితే ఎర్తింగ్ దారులు రెండై చుట్టు తిరుగుతున్నాయని అర్థం. ల్యాప్‌టాప్‌నూ స్పీకర్లనూ ఒకే త్రీపిన్ బోర్డు నుంచి నడపండి. ఎర్త్ పిన్ను విరిచే పని ఎవరు చెప్పినా చేయకండి, అది ప్రాణాల మీదికి తెస్తుంది. అప్పటికీ పోకపోతే ఇంటర్‌ఫేస్ నుంచి స్పీకర్లకు వెళ్లే వైర్లను టీఆర్‌ఎస్ రకానికి మార్చండి, స్పీకర్ ఇన్‌పుట్ బ్యాలెన్స్‌డ్ (దారిలో చేరిన మోతను తీసేసే రకం) అయితేనే వాటివల్ల ఉపయోగం. చెన్నైలో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో కొనేటప్పుడు ప్యాకెట్ మీది పేరు కాదు, జాక్‌నే చూడండి: నల్ల వలయాలు రెండుంటే టీఆర్‌ఎస్, ఒక్కటే ఉంటే మామూలు గిటార్ వైరు.